మంచుకు ఇంకో టేక్

తలుపు మూసుకున్న చప్పుడు పుష్పవల్లికి నచ్చింది. బరువైన చెక్క, అంచుకు రబ్బరు, ఆఖర్న లోపలి గాలి నొక్కుకుపోయి చిన్నగా ఉఫ్‌మనడం. సినిమాలో ఇలాంటి తలుపు చప్పుడు కావాలంటే పాత ఫ్రిజ్జు తలుపూ తడి తువ్వాలూ చాలు, అనుకుంది. అనుకుని, ఈ వేళప్పుడు కూడా ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది. ఆ తలుపు వెనక, గాజు కిటికీకి అవతల, పెట్టెలాంటి చిన్న గదిలో ఆమె భర్త ధనుంజయ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తీగకు వేలాడే బటన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చెవుల పరీక్ష. ఇవతల మిషను ముందు మధుమిత అనే అమ్మాయి, మూలన ప్లాస్టిక్ కుర్చీలో తను. "ఆంటీ, మీరు ఈడనే కూర్చోండి. సెల్లు మాత్రం ఆఫ్ చేసేయండి, సరియా?" అంది మధుమిత. ఆయనకు చెప్పింది కూడా అంతే తేలిగ్గా: "సార్, చెవిలో కూయ్‌మని వస్తుంది. రొంబ చిన్నదైనా పరవాల్లేదు, వినిపిస్తే నొక్కండి. వినిపించకపోతే గమ్మునుండండి. అంతే దా." వినిపించకపోతే గమ్మునుండాలట. అరవై మూడేళ్ళ మనిషికి, అందులోనూ ఆ మనిషికి, ఇంతకన్నా కష్టమైన పని ఎవరూ చెప్పలేరు.

బయట మద్రాసు చూలై పేట సందుల్లో రేకులు సాగగొట్టే సుత్తి దెబ్బలు, వాటి మధ్య ఆటో హారన్లు, ఎక్కడో పిండి మర ఒకటే రొద. చెవుల పరీక్షకు ఇంత గోల మధ్యకు రావడమేమిటని ఎవరైనా నవ్వుతారు. కావాలనే వచ్చారు. సినిమావాళ్ళుండే వడపళనిలో తుమ్మితే పక్కనున్న సాలిగ్రామంలో చిరంజీవ అంటారు. సౌండ్ రికార్డిస్టు ధనుంజయ చెవి డాక్టరు మెట్లెక్కాడంటే సాయంత్రానికల్లా ఫీల్డంతా తెలిసిపోతుంది. వచ్చే సోమవారం కొత్త సినిమా పని మొదలవ్వాలి. అరగంట సేపు హీరోయిన్ ఒక్కతే మంచులో నడుస్తుందట, మాటల్లేవు, పాటల్లేవు, అడుగులే. "ఇద్దరం చూపించుకుందామండీ, వయసులో ఉన్నామా ఏమన్నానా," అని ఆమె అన్నప్పుడు ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "సరే వల్లీ. బాగుంటే సోమవారం పనికి ఎక్కుదాం. లేకపోతే చెవులు లేనోడు రికార్డిస్టు కుర్చీలో కూర్చోకూడదు, ఆ మాట నేనే చెప్పేస్తాను డైరెక్టరుతో." అంత తేలిగ్గా అన్నాడు కాబట్టే ఆమెకు భయం పట్టుకుంది. ముందు ఆమె పరీక్ష అయిపోయింది, చెవులు నిక్షేపంగా ఉన్నాయట. ఆ సంతోషం ఆమెకు అక్కర్లేకపోయింది.

ముప్పై నాలుగేళ్ళుగా గాజుకు అవతల ఉండేది తను, ఇవతల హెడ్‌ఫోన్లతో ఉండేది ఆయన. ఇవాళ తారుమారయింది. షూటింగులో సరిగ్గా పడని చప్పుళ్ళన్నీ మళ్ళీ చేయడం ఆమె పని. తెర మీద ఎవరు నడిచినా కాళ్ళు తనవే. రాణులకు గజ్జెలు తనవి, రౌడీలకు బూట్లు తనవి, విలన్ల ఎముకలు విరగాలంటే ములక్కాడలు, వేళ్ళు విరగాలంటే తన సొంత మెటికలు. చీరాల నుంచి వచ్చిన కొత్తలో, ఆడపిల్ల ఈ పనేం చేస్తుందని స్టూడియో అంతా ముక్కున వేలేసుకుంటే, గాజు వెనక ఉన్న ఈ మనిషి ఒక్కడే కళ్ళు మూసుకుని విన్నాడు. ఎప్పుడూ అంతే, కళ్ళు మూసుకునే వింటాడు. విని, చూపుడు వేలెత్తి, "ఇంకొకటి" అంటాడు. ఆ మాటంటే ఆమెకు ఒళ్ళు మంట. పదిసార్లు చేసినా ఇంకొకటి, డైరెక్టరు చప్పట్లు కొట్టినా ఇంకొకటి, గర్భంతో ఉన్నప్పుడు కాళ్ళు వాచిపోయినా ఇంకొకటి. ఓసారి ఏడుస్తూ అడిగింది, ఎవరికి తెలుస్తుందండీ అని. "మన పనే అబద్ధం వల్లీ. అబద్ధం ఆడొచ్చు, తప్పు వదలకూడదు," అన్నాడు. ఆ రాత్రి తిట్టుకుంది. మర్నాడు తెర మీద చూసి, పదకొండో టేకే నిజమని ఒప్పుకుంది. ఆయన చెవి మీద ఆమెకున్న గౌరవం దేవుడి మీద కూడా ఉండదు, ఉన్నదున్నట్టు చెప్పాలంటే.

మంచు కూడా ఆ చెవే కనిపెట్టింది. కార్న్‌ఫ్లోర్ పొడిని గుడ్డ సంచిలో మూటగట్టి పిడికిళ్ళతో నొక్కితే మంచులో అడుగు. పదకొండు సినిమాలకు ఆ మూటే మంచు. కాశ్మీరు నుంచి స్విట్జర్లాండు దాకా హీరోలందరూ ఆమె వంటింటి మూట మీదే నడిచారు. మంచు ముఖం చూడకుండా మంచు చేశామే, ఒక్కసారి చూద్దామండీ అని ఆమె పదేళ్ళు పోరితే, ఆయన ఏకంగా భూమి అడుగుకే తీసుకెళ్ళాడు. మద్రాసులో ఎండాకాలం రాకముందే, దక్షిణ అమెరికా కొసన ఉన్న ఉషువాయాలో ఓడ ఎక్కి, రెండు రోజులు పేగులు నోట్లోకి వచ్చేంత సముద్రం దాటి అంటార్కిటికా. ఓడ దిగేముందు బట్టల మడతల్లో గింజ కూడా లేకుండా దులపాలి, బూట్లు మందు నీళ్ళలో కడగాలి, మంచు మీద కూర్చోకూడదు, మోకాలు ఆన్చకూడదు, సంచి కింద పెట్టకూడదు. మడి కట్టుకున్న వంటింట్లో కూడా ఇన్ని నియమాలుండవని ఆమెకు ఎంత ముచ్చటేసిందో. ఒక చోటును ఇంత శుభ్రంగా అట్టే ఉంచాలని ఇన్ని దేశాలవాళ్ళు అనుకోవడం, అనుకున్నట్టే నడుచుకోవడం. ఎర్ర కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, లోపల నేత చీర కుచ్చిళ్ళు ఉన్ని లాగులో దోపుకుని రబ్బరు పడవలోంచి దిగి మొదటి అడుగు వేసింది. వెయ్యగానే అనుకుంది: ఇది తప్పు, మంచులా లేదు. గబుక్కున వెనక్కి తిరిగి, పడవ దగ్గరికి నడిచి, మళ్ళీ దిగినట్టు దిగి అడుగులేసింది. వెనక వరసలో ఉన్న తెల్లవాళ్ళు ఏమైందో తెలియక ఆగిపోయారు. ఆయన ఒక్కడే పగలబడి నవ్వాడు. మంచుకు టేకు తీసిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే అయ్యుంటుంది.

అప్పుడు విన్నది ఇప్పటికీ ఆమె అరికాళ్ళలో ఉంది. అడుగు ఒక చప్పుడు కాదు, రెండు. ముందు పైపొర విరుగుతుంది, అప్పడం అంచు తుంచినట్టు, సన్నగా; ఆ తరవాత కాలు లోపలికి దిగబడి బరువుగా మూలుగుతుంది. మూటలో ఉన్నది రెండోదే. పదకొండు సినిమాలూ సగం మంచు మీదే నడిచాయన్న మాట. "విన్నారా పైది?" అంటే, "విన్నాను, మన మూటకన్నా బరువుగా ఉంది," అన్నాడాయన. పైది అడిగితే కిందది చెప్పాడు. అప్పుడు పట్టించుకోలేదు, పట్టించుకునేంత తీరిక ఆ చోటు ఇవ్వలేదు. కళ్ళ ముందు తెలుపే ఇన్ని రకాలుంటుందని ఎవరికి తెలుసు? పాల తెలుపు, సున్నం తెలుపు, ఎండకు వెలిసిన పంచె తెలుపు, ఆ తెలుపు మడతల్లోపల ఎవరో దీపం పెట్టినట్టు నీలం. కొండంత మంచు ముక్క నీళ్ళ మీద తిరుగుతూ వచ్చి ఓడ పక్కన నిలబడితే, అంత అందానికి ఎవరి దిష్టి తగులుతుందో అని ఆమె రెండు చేతులూ గాల్లో తిప్పి తన కణతల మీద మెటికలు విరిచింది. పక్కనున్న దొరసాని ఏమిటని అడిగితే, చల్లగా ఉండాలని దీవించానంది. దానికి ఆ దీవెన ఎందుకో తనకే నవ్వొచ్చింది. పెంగ్విన్లు మాత్రం, పిట్ట కొంచెం కూత ఘనం, పెళ్ళికి ఆలస్యమైన పెద్దమనుషుల్లా చేతులు వెనక్కి పెట్టుకుని హడావుడిగా పోతూనే ఉన్నాయి. మనిషి అడ్డొస్తే దారివ్వమని ఆగి చూస్తాయి. అయిదు మీటర్లు జరగాల్సింది మనమే, వాటిది ఆ ఊరు. అవతల ఒడ్డున మంచు గోడ ఒకటి విరిగి పడింది. పడటం కనిపించింది, నీళ్ళు ఎగిసిపడ్డాయి, అంతా నిశ్శబ్దంగానే. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాక ఉరుము వచ్చి గుండెకు తగిలింది. "సింక్ లేదు," అన్నాడు ధనుంజయ వెంటనే, బొమ్మకూ చప్పుడుకూ పొంతన చూసే ఎడిటింగ్ టేబుల్ ముందున్నవాడిలా. అని, నాలిక కరుచుకుని, అంత పెద్ద దానికి ఆ తప్పు పట్టినందుకు రెండు చేతులూ జోడించాడు. ఆ ఉరుము ఆయన విన్నాడు. అది నిజం, అందులో ఆమెకు ఏ అనుమానమూ లేదు.

గాజు అవతల బొటనవేలు కదిలింది. మిషను మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. మధుమిత ఏదో రాసుకుంది. మళ్ళీ వేలు, మళ్ళీ దీపం. పుష్పవల్లి గుండె కొద్దిగా కుదుటపడింది. మిషను అబద్ధమాడదు కదా, తనే పొరబడిందేమో. ఆ పడవలో జరిగింది కూడా పొరపాటేనేమో. నాలుగో రోజు అది. రబ్బరు పడవలో పది మంది, మంచు ముక్కలు తేలే ఇరుకు నీళ్ళు. పడవ నడిపే పిల్ల ఇంజను ఆపేసి, మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు, ఫొటోలు కూడా వద్దు అంది. ఇంజను ఆగాక మొదట ఏమీ లేదు. అది స్టూడియోలో ఉండే నిశ్శబ్దం కాదు, అక్కడ గోడలు నిశ్శబ్దాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఇక్కడ దాన్ని ఎవరూ పట్టుకోలేదు, దాని మానాన అది ఉంది. అప్పుడు వినిపించింది. బొరుగుల్లో పల్చటి మజ్జిగ పోస్తే వచ్చే చిటపట, ఇటు పక్క, అటు పక్క, పడవ చుట్టూ, వెయ్యి చోట్ల. మంచులో వేల ఏళ్ళ కిందట చిక్కుకుపోయిన గాలి, ముక్క కరిగేకొద్దీ బుడగ బుడగగా విడుదలవుతోందట. ఎవరూ పీల్చని గాలి. పుష్పవల్లికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఎన్ని చప్పుళ్ళు పుట్టించినా, ఎవరి కోసమూ కాకుండా దానంతటది పుట్టే చప్పుడు ఇదే మొదటిసారి వినడం. ఆయనతో పంచుకోవాలని పక్కకు తిరిగింది. ఒళ్ళో రికార్డరు, బొచ్చు తొడుగు వేసిన మైకు, పెదాల మీద నవ్వు, చిటపటకు తగ్గట్టు తలాడిస్తున్నాడు. కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. రికార్డరు మీద ఎగిరే గీతల్ని చూస్తున్నాడు. ఆమె చెయ్యి, తనకు తెలియకుండానే, వెళ్ళి ఆ గీతల్ని కప్పేసింది. మంచు ఇంకా జోరుగా చిటపటలాడుతోంది. ఆయన తల ఆగిపోయింది. నవ్వు ఆగలేదు, అదే ఆమెను కోసేసింది. చెయ్యి తీసేసింది. ఓడలో గానీ, విమానంలో గానీ, ఇంటికొచ్చి రెండు నెలలైనా గానీ, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఆకుపచ్చ దీపం. ఆకుపచ్చ దీపం. ఇంత బాగా నొక్కుతున్నాడే. లోపలికి వెళ్ళగానే కుర్చీని గాజుకు ఎదురుగా తిప్పుకున్నాడు, పక్కకు తిరిగి కూర్చోండి సార్ అని మధుమిత అంటే, గాజుకు ఎదురుగా కూర్చుంటే తప్ప నాకు చెవి పనిచెయ్యదమ్మా అని నవ్వించాడు. ఆ పిల్లా నవ్వి ఊరుకుంది. ఆయన అలవాటది, ముప్పై నాలుగేళ్ళ అలవాటు, అనుకుంటూ పుష్పవల్లి ఆయన కళ్ళ వంక చూసింది. కళ్ళు తెరిచి ఉన్నాయి. ఎక్కడ చూస్తున్నాడు? మిషను వైపు కాదు, బల్ల అడ్డంగా ఉంది. మధుమిత కుడి భుజం. ఆ పిల్ల మీట నొక్కినప్పుడల్లా భుజం ఒక గింజంత కిందికి దిగుతోంది. దిగగానే ఈయన వేలు. మళ్ళీ దిగింది, మళ్ళీ వేలు. గాజు అవతల మనిషి భుజం చూసి పాదం ఎప్పుడు పడుతుందో చెప్పగలిగిన మనిషి ఆయన. పుష్పవల్లి భుజం చూసే నేర్చుకున్నాడు ఆ విద్య. అంటే ఈ రెండేళ్ళూ? రెండేళ్ళుగా ఆయన ఇంకొకటి అనడం మానేశాడు. మొదటి టేకుకే బొటనవేలెత్తి, ఓకే వల్లీ, అనేస్తున్నాడు. ఆమె ఎంత పొంగిపోయింది! ఇన్నాళ్ళకు ఆయన చెవికి సరిపోయాననుకుంది, నీలాటి చెయ్యి లేదని ఆయన నోటితో అన్నట్టే అనుకుంది, వియ్యపురాలితో ఫోన్లో గొప్పగా చెప్పుకుంది కూడా. ఆ రెండేళ్ళ గర్వం ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా, ఎవరూ చూడకుండా, నీళ్ళు కారిపోయింది.

కోపం రాలేదు. వస్తే బాగుండేది. భయంతో పరీక్షలో పక్కవాడి పలక చూసిన పిల్లవాడి మీద కోపమెలా వస్తుంది? చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. కాగితం మీద బాగున్నాయని వస్తుంది, సోమవారం ఆ కుర్చీలో కూర్చుంటాడు, తను గాజు అవతల మూటతో. ఆ పైపొర, ఆ సన్నటి విరుపు తను చేస్తుంది, ఆయన ఆమె భుజం చూసి ఓకే అంటాడు. అది తప్పైనా ఓకే అంటాడు, తప్పని తెలియక. ఊరంతా మెచ్చుకుంటుంది. చెప్తే? ఓ చిన్నపిల్ల ముందు ఆయన పరువు, ముప్పై నాలుగేళ్ళ కుర్చీ, పొద్దున్నే లేచి హెడ్‌ఫోన్లు తుడుచుకునే ఆ చేతులకు రేపటి నుంచి పనేమిటి. అబద్ధం ఆడొచ్చు, తప్పు వదలకూడదు. ఎవరన్నారా మాట? ఈయనే కదా. ఈ మనిషి నిజంగా తన పక్కన కూర్చుని ఇదంతా చూస్తుంటే ఏమనేవాడో ఆమెకు తెలుసు. వేలెత్తేవాడు.

పుష్పవల్లి లేచింది. చెప్పులు అక్కడే వదిలేసింది, నేల మీద చప్పుడు చెయ్యకుండా నడవడం ఆమెకెవరూ నేర్పక్కర్లేదు. వెళ్ళి మధుమితకూ గాజుకూ మధ్య, ఆ పిల్ల భుజం కనపడకుండా, ఆయనకు ఎదురుగా నిలబడింది. "ఆంటీ, ఏమైంది?" అంది మధుమిత. "ఏం లేదమ్మా, నువ్వు కానీ. నేను ఇక్కడే నిలబడతాను." భార్యాభర్తలిద్దరూ గాజుకు చెరో పక్క ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆయన వేలు బటన్ మీద ఆగింది. అర్థమైంది, ఆ క్షణంలోనే అర్థమైంది, ముఖం ఒక్కసారి పాలిపోయి మళ్ళీ మామూలైంది. వెనక మీట నొక్కిన టిక్కుమన్న చప్పుడు ఆమెకు వినిపించింది. వేలు కదల్లేదు. మళ్ళీ టిక్కు. కదల్లేదు. మళ్ళీ. ఆమె భుజాలు బిగబట్టుకుంది, ఊపిరి కూడా బిగబట్టుకుంది, తన ఒంట్లోంచి ఒక్క కబురు కూడా ఆయనకు చేరకూడదని. ఎన్ని టిక్కులో. అప్పుడు ధనుంజయ, ఎవరూ చెప్పకుండానే, కళ్ళు మూసుకున్నాడు. పాత ధనుంజయ. చీరాల పిల్ల మొదటిసారి గజ్జెలు ఆడించినప్పుడు విన్న ధనుంజయ. మంచు కొండ ముందు కూడా ఆమె అంత మురిసిపోలేదు. వినిపించినవాటికి నొక్కాడు, వినిపించనివాటికి గమ్మునున్నాడు. గమ్మునున్నవే ఎక్కువ.

బయటికి వచ్చాక మధుమిత కాగితం మీద గీత చూపించింది. ఎడమ కొసన బాగానే మొదలై, మధ్యలోంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. "కింద శబ్దాలు బాగా ఉండాయి సార్. మాటలకు కష్టం లేదు. పైన సన్నవి మాత్రం పోయినాయి, రెండు మూడేళ్ళు అయ్యుంటుంది. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంచెం వస్తాది. కానీ మీ పనికి..." అని ఆగింది. "తెలుసమ్మా. ఫోన్ నేనే చేస్తాను వాళ్ళకి," అన్నాడాయన. ఎవరికని ఆ పిల్ల అడగలేదు, కాగితాల ప్రింటు తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పక్కన నిలబడింది. క్షమించండని ఆమె అనబోతుంటే, ఆయనే అడిగాడు.

"వల్లీ, ఆ రోజు పడవలో ఏం వినిపించింది?"

చెప్పొచ్చు. బొరుగులని, మజ్జిగని, బుడగలని. మాటలు ఆమె పని కాదు. ఆయన తల మెల్లగా తన కడుపుకు ఆనించుకుని, చెవి వెనక బొడిపెగా ఉండే ఎముక మీద ఎడమ చూపుడు వేలు వంచి పెట్టి, మెటిక విరిచింది. లావుగా, ఎముకలోంచి ఎముకలోకి పోయే చప్పుడు. "ఇలాగేనండీ. ఇంకా సన్నగా, వెయ్యి చోట్ల."

ధనుంజయ కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు, అయిపోయినదాన్ని కూడా. తరవాత చూపుడు వేలెత్తాడు.

"ఇంకొకటి."

రెండేళ్ళయింది ఆ మాట విని. ఇంకా తొమ్మిది వేళ్ళున్నాయి. పుష్పవల్లి కళ్ళు తుడుచుకుని రెండోది వంచింది.